సర్వేనాడు నలుగురు, మునిగేనాడు ఏడుగురు

తన ఇష్టంతో ఇల్లు మారే కుటుంబానికి ఆ ముందు రోజులు హడావుడిగా ఉంటాయి గానీ అయోమయంగా ఉండవు. మూఢం పోయిందా, ఆషాఢం దాటిందా అని అయ్యగారిని అడుగుతారు. పాలు పొంగించే రోజు ఖాయం చేసుకుంటారు. పిల్లల బడి, రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్ ఒక్కొక్కటే కొత్త చిరునామాకు మార్పించుకుంటారు. బిడ్డ కాన్పుకు వచ్చి ఉంటే పురుడు అయ్యేదాకా ఆగుదామంటారు. ముసలాయన మంచంలో ఉంటే, ఆయన పుట్టిన ఇంట్లోనే ఆయనను పోనిద్దామని మనసులో అనుకుంటారు, పైకి అనరు. తేదీ తమ చేతిలో ఉంది కాబట్టి ఇంటి ముచ్చట్లను బట్టి తేదీ ముందుకో వెనక్కో జరుగుతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోదావరి, మానేరు వెంబడి వేల కుటుంబాలు ఇట్లా ఇల్లు మారలేదు. వాళ్లకు తేదీ పెట్టింది ప్రభుత్వం. అదీ ఒకటి కాదు, రెండు. కుటుంబంలో ఎందరున్నారో రాసుకున్న తేదీ ఒకటి, కుటుంబం నిజంగా గడప దాటిన తేదీ ఇంకొకటి. ఈ రెంటి నడుమ పది పన్నెండేండ్లు గడిచిన ఊర్లున్నాయి. ఆ నడిమి కాలంలో పుట్టినవాళ్లు, పద్దెనిమిది నిండినవాళ్లు, పెండ్లయినవాళ్లు, మొగుడు పోయినవాళ్లు ఎవరి లెక్కలోకి వస్తారు? ఇల్లెంత, భూమెంత, చెట్లెన్ని అన్నది నోటిఫికేషన్ నాటికి రాసుకుంటే తప్పులేదు. మనుషుల లెక్క మాత్రం ఊరు ఖాళీ చేసే నాటికే తీయాలి.

ఏ ఊర్ల సంగతి ఇదని ముందు చూద్దాం. కరీంనగర్ అంచునే ఉన్న దిగువ మానేరు డ్యామ్ పని 1974లో మొదలై 1985లో ముగిసింది. ఆ 24 టీఎంసీల నీళ్ల కింద ఇండ్లు పోగొట్టుకున్నవాళ్ల మనవలు ఇప్పుడు మనవలను ఎత్తుకునే వయసుకు వస్తున్నారు. దానికి ఎగువన, బోయిన్‌పల్లి మండలం మన్వాడ దగ్గర మధ్య మానేరుకు 2006లో పునాది పడింది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా లాంటి ఊర్లు దాని ముంపులోకి వచ్చాయి. 2016 సెప్టెంబర్ వానలకు కట్ట తెగింది, మళ్లీ కట్టారు, జలాశయం నిండేసరికి 2019 అయింది. 2006లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి డిగ్రీ కాలేజీలో ఉంటుంది, లేదా పెండ్లయి అత్తగారింట్లో ఉంటుంది. గోదావరి మీద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు, మాజీ స్పీకర్ శ్రీపాదరావు పేరు పెట్టినదానికి, 2004లో శంకుస్థాపన జరిగింది. ఆ 20 టీఎంసీల నీళ్లు రెండు జిల్లాలనూ తాకాయి. ఒక ఒడ్డున కరీంనగర్ వైపు వెల్గటూరు మండలం చెగ్యాం, ఇంకో ఒడ్డున ఆదిలాబాద్ వైపు గుడిపేట, కర్ణమామిడి, పడ్తనపల్లి లాంటి ఊర్లు. అక్కడ కూడా పూర్తి మట్టం దాకా నీళ్లు నిలపడానికి పదేండ్లకు పైగానే పట్టింది. హుస్నాబాద్ దగ్గర గౌరవెల్లి రిజర్వాయర్ 2007లో 1.4 టీఎంసీల చెరువుగా మొదలై 8.23 టీఎంసీలకు పెరిగింది. ముంపు ఊరైన గుడాటిపల్లి జనం 2022లో కూడా ఆ ఇండ్లలోనే ఉండి ప్యాకేజీ కోసం కొట్లాడుతున్నారు. నీళ్ల పని లేని చోటా ఇదే తీరు. కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటిస్తే, దాని నడిబొడ్డున ఉన్న మైసంపేట, రాంపూర్ ఊర్లు మద్దిపడగ దగ్గరి కొత్త కాలనీకి చేరింది 2024లో. ఈలోగా 2016 అక్టోబర్‌లో జిల్లాలను విడగొట్టారు. కరీంనగర్ చిరునామాతో సర్వే కాగితం రాయించుకున్న కుటుంబం రాజన్న సిరిసిల్ల జిల్లా కుటుంబమైంది, ఆదిలాబాద్ వాళ్లు మంచిర్యాల, నిర్మల్ జిల్లాల వాళ్లయ్యారు. ఇల్లు కదలకముందే జిల్లా కదిలింది.

ఊరు ముంపులో పడిందన్న కబురు వచ్చిననాటి నుంచి ఊరు ఖాళీ అయ్యేనాటి దాకా ఇంట్లో బతుకు ఎట్లా నడుస్తుందన్నది మామూలుగా లెక్కలోకి రాని విషయం. పోయే ఇంటికి ఎవరూ సున్నం వేయరు. కప్పు కురిస్తే గూనపెంకలు సర్దుతారు తప్ప స్లాబు వేయరు. నోటిఫికేషన్ పడ్డ భూమిని అమ్మలేరు, దాని మీద బ్యాంకు అప్పు పుట్టదు. అంటే బిడ్డ పెండ్లికో కొడుకు గల్ఫ్ వీసాకో ఎకరం అమ్మే దారి మూసుకుపోతుంది. రేపు మునిగే ఊరికి కొత్త రోడ్డెందుకని పంచాయతీ ఊరుకుంటుంది, కొత్త ఇల్లెందుకని హౌసింగ్ వాళ్లు ఊరుకుంటారు. సంబంధం చూడవచ్చినవాళ్లు కట్నం మాట కన్నా ముందు మీ కాలనీ ఎక్కడ, ప్యాకేజీ ఎందరికి వచ్చింది అని అడుగుతారు. దుబాయ్‌లో ఉన్న కొడుకుకు ఫోన్‌లో వచ్చే ఇంటి కబుర్లలో వానలు, పంటలు, పెండ్లిళ్లతో పాటు ‘ఆఫీసర్లు మళ్ల వచ్చి రాసుకపోయిన్రు’ అన్న మాట కూడా చేరుతుంది, రావాలా వద్దా అన్నది మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేరు. ఇది ఒక్క మన దగ్గరి సంగతి కాదు. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా డ్యామ్ కట్టినప్పుడు 1950ల చివర సుమారు 57,000 మంది టోంగా ప్రజలను తరలించారు. తరలింపుకు ముందే అక్కడికి వెళ్లిన ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే మానవశాస్త్రవేత్తలు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ కుటుంబాల వెంట నడిచారు. ఇల్లు కదిలిన రోజుతో కష్టం మొదలవదు, కదలాలన్న కబురుతోనే మొదలవుతుందన్నది వాళ్ల పరిశీలనల్లో గట్టిగా నిలిచిన సంగతి. మన పరిహారం లెక్కలో ఈ ఎదురుచూపు కాలానికి ఒక్క పద్దు కూడా లేదు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో నెలకు 3,000 రూపాయల చొప్పున ఏడాది పాటు జీవనభృతి, సామాన్లు తరలించడానికి 50,000, కొత్త చోట కుదురుకోవడానికి ఇంకో 50,000 ఉన్నాయి. అవన్నీ కదిలేటప్పటికీ, కదిలిన తర్వాతికీ.

ఎదురుచూపుకు డబ్బులివ్వాలన్నది నా వాదన కాదు, అది ఎంతని తేల్చడం కూడా కష్టమే. ఆ కాలంలో ఇంట్లో జరిగిన సంగతులను లెక్కలోంచి చెరిపేయకూడదన్నదే నా మాట. ఎందుకంటే పునరావాసంలో హక్కు మనిషికి ఒకటి చొప్పున రాదు, కుటుంబానికి ఒకటి చొప్పున వస్తుంది. కాబట్టి కుటుంబమంటే ఎవరు అన్న ఒక్క ప్రశ్న మీదే ఇల్లూ, ప్లాటూ, నగదూ ఆధారపడి ఉంటాయి. పులుల అభయారణ్యాల నుంచి కదిలే ఊర్లకు కేంద్రం పెట్టిన నిబంధన చూడండి. పద్దెనిమిది నిండిన కొడుకు పెండ్లయినా కాకున్నా వేరే కుటుంబం కింద లెక్క. పద్దెనిమిది నిండిన బిడ్డ పెండ్లి కాకుంటేనే వేరే కుటుంబం. భర్త చనిపోయిన స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ, వికలాంగులు, తల్లిదండ్రులు లేని పిల్లలు కూడా వేరే కుటుంబాలే. ఒక్కో కుటుంబానికి అప్పట్లో పది లక్షలు, తర్వాత పదిహేను లక్షలు. మైసంపేట, రాంపూర్‌లలో ఇట్లా తేలిన 142 కుటుంబాల్లో 48 పదిహేను లక్షల నగదు తీసుకున్నాయి, 94 కుటుంబాలు ఇల్లూ భూమీ కోరుకున్నాయి. ఈ జాబితాలో పద్దెనిమిదో పుట్టినరోజు, బిడ్డ పెండ్లి, ఇంటాయన చావు అన్నవి ఇంటి ముచ్చట్లుగా మిగలవు, ఒక్కోటీ పదిహేను లక్షలను కలపడమో తీసేయడమో చేసే సంగతులవుతాయి. అన్నకు పెండ్లయినా పోని హక్కు చెల్లెలికి పెండ్లితో పోతుంది. కదిలే ముందు ఏడాది బిడ్డ పెండ్లి చేసిన తండ్రికి నష్టం, కదిలిన మరుసటి ఏడాది చేసినవాడికి లాభం. పెండ్లి ముహూర్తాన్ని కట్టకట్టే కాంట్రాక్టరు పనిని బట్టి పెట్టుకొమ్మని ఏ ప్రభుత్వమూ నోటితో అనదు గానీ ఈ నిబంధన అనేది అదే.

2013 చట్టం ఇంతకన్నా మెరుగు. పెద్దవాళ్లెవరైనా, ఆడైనా మగైనా, జీవిత భాగస్వామి ఉన్నా లేకున్నా వేరే కుటుంబంగా లెక్కించాలని దాని నిర్వచనం చెప్తుంది. భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వదిలేయబడ్డవాళ్లు కూడా వేరే కుటుంబాలే. అయితే ‘ఏ నాటికి’ అన్నది ఆ వాక్యంలో లేదు. ఆ ఖాళీని కార్యాలయాల్లో కటాఫ్ తేదీతో పూరిస్తారు. గుడాటిపల్లి గొడవంతా ఇక్కడే పుట్టింది. సర్వే నాటికి మైనర్లుగా ఉన్నవాళ్లు ప్రాజెక్టు పెరిగీ ఆగీ సాగే లోపల మేజర్లయ్యారు, తమకూ ప్యాకేజీ కావాలన్నారు. 2022 జూన్‌లో ఆ ఊరివాళ్ల మీద లాఠీలు లేచాకనే రాష్ట్రమంతా అటు చూసింది. పత్రికల్లో అదొక పరిహారం తగాదాగా వచ్చింది. జరిగింది మాత్రం సులువుగా అర్థమయ్యే సంగతి. ప్రభుత్వం ఆలస్యం చేసినన్ని రోజులూ పిల్లలు పెరిగారు.

ఇక్కడ చట్టంలోనే ఉన్న ఒక వింత గమనించాలి. భూమికి గడియారం ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన ఏడాదిలోగా డిక్లరేషన్ రావాలి, డిక్లరేషన్ వచ్చిన ఏడాదిలోగా అవార్డు రావాలి, లేకుంటే ప్రక్రియ చెల్లదు. పాత 1894 చట్టానికి 1984లో చేసిన సవరణలోనూ ఇట్లాంటి గడువులే ఉన్నాయి. అంటే శాసనం చేసినవాళ్ల ఊహలో లెక్కకూ చేతికి డబ్బు రావడానికీ నడుమ దూరం మహా అయితే రెండు మూడేండ్లు. ఆ ఊహలో నోటిఫికేషన్ నాటి కుటుంబమే తరలిపోయే నాటి కుటుంబం, పెద్ద తేడా రాదు. కానీ అవార్డుకు ఉన్నట్టు, దాటితే సేకరణే చెల్లకుండా పోయే గడువు తరలింపుకు లేదు. భూమికి అవార్డు ఇచ్చేసి, మనుషులను ఆ ఇండ్లలోనే పదేండ్లు ఉంచినా భూసేకరణ చెల్లుతుంది. సాగునీటి ప్రాజెక్టులకు మాత్రం 38వ సెక్షన్‌లో ఒక షరతు పెట్టారు. ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. ఇది మంచి షరతు, దీన్ని ఇంకొంచెం వాడుకోవాలి. పునరావాసం పూర్తి చేయడానికి నీళ్ల తేదీని కొలతగా పెట్టుకున్న చట్టం, పునరావాసం ఎవరికన్న దగ్గర మాత్రం నోటిఫికేషన్ తేదీని పట్టుకుని ఉండనక్కర్లేదు. ముంపుకు ముందు కాలనీలో ఇండ్లు కేటాయించే వేళకు ఊర్లో ఎందరు పెద్దవాళ్లున్నారో వాళ్లందరినీ మరోసారి లెక్కించి, ఆ లెక్క ప్రకారం ఇండ్లూ నగదూ ఇవ్వాలి. ఆస్తుల జాబితా పాతదే, మనుషుల జాబితా కొత్తది.

దీనికి అధికారులు మొదట చెప్పే అభ్యంతరం మోసం. కటాఫ్ తేదీ లేకుంటే రాత్రికి రాత్రి రేకుల షెడ్లు లేస్తాయని, బయటివాళ్లు వచ్చి చేరతారని, దొంగ పెండ్లిళ్లు, దొంగ విడాకులు పుట్టుకొస్తాయని అంటారు. మొదటి రెండూ నిజమే. పరిహారం కోసమే కట్టిన గోడలు ఈ రాష్ట్రంలో ఎవరూ చూడనివి కావు. అందుకే ఆస్తుల లెక్కను నోటిఫికేషన్ నాటికే ఆపెయ్యాలని మొదటే అన్నాను. పాత జాబితాలో పేరు లేని బయటి కుటుంబం కొత్త జాబితాలోకి రాకూడదు. అడిగేది పాత జాబితాలోని కుటుంబాల్లో సహజంగా జరిగిన మార్పులు మాత్రమే. పద్దెనిమిదో పుట్టినరోజును ఎవరూ ముందుకు జరపలేరు. అది పదో తరగతి మెమో మీద అచ్చయి ఉంటుంది, బడికి వెళ్లనివాళ్లకు జనన రిజిస్టరు, ఆధార్ ఉన్నాయి. పెండ్లి కావాలనే షరతే లేకుంటే దొంగ పెండ్లి అవసరం ఎవరికి? 2013 చట్టం నిర్వచనం ఆ షరతును ఎప్పుడో తీసేసింది. అయినా అనుమానముంటే, 2014 నుంచి నడుస్తున్న కల్యాణలక్ష్మి పెండ్లి సాయం కోసం పెండ్లికూతురు వయసు, పెండ్లి తేదీ ఇదే రెవెన్యూ శాఖ విచారించి సంతకం పెడుతోంది. లక్షా నూట పదహార్ల చెక్కు దగ్గర నమ్మిన కాగితాన్ని పునరావాసం దగ్గర నమ్మనంటే ఎట్లా?

రెండో అభ్యంతరం లెక్క తీయడం సాధ్యం కాదని, సర్వే మీద సర్వే అంటే పని జరగదని. ఇది చెప్పడానికి తెలంగాణకు అసలు నోరు లేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పేరుతో రాష్ట్రమంతటినీ ఒక్క రోజులో రాసుకున్న ప్రభుత్వం ఇది. ఆ రోజు కోసం ముంబై, భివండీ, సూరత్‌ల నుంచి రైళ్లూ బస్సులూ పట్టుకుని సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు ఇండ్లకు వచ్చారు. 2024 నవంబర్‌లో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి ఇంకో సర్వే చేశారు. మూడున్నర కోట్ల మందిని లెక్కించగలిగినవాళ్లు పది పన్నెండు ముంపు ఊర్లను రెండోసారి లెక్కించలేరంటే నమ్మడం కష్టం. గల్ఫ్‌లో ఉన్నవాడి కోసం ఒక నిబంధన మాత్రం కావాలి. సర్వే తేదీ కనీసం రెండు నెలల ముందు చెప్పాలి, రాలేనివాడి పేరు ఇంటివాళ్లు పాస్‌పోర్టు నకలుతో రాయించవచ్చనాలి. ఊరు మునిగితే అతనికి తిరిగొచ్చే ఇల్లు ఉండదు, లెక్క రోజున దేశంలో లేడు కాబట్టి అతను నిర్వాసితుడు కాడనడం ఏ న్యాయం?

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం ఖర్చుది. ప్రాజెక్టు అంచనా రాసేటప్పుడే పునరావాసం ఖర్చు తేలాలి, అది ఏటా పెరుగుతూ పోతే బడ్జెట్ ఎవరు వేస్తారు అంటారు. ఈ మాటలో పస ఉంది, దాటేసిపోవడం సబబు కాదు. ఒక ఊర్లో కొత్తగా వంద మంది మేజర్లయ్యారనుకుందాం. రెండో షెడ్యూలులో ఉద్యోగానికి బదులు ఒకేసారి ఇచ్చే ఐదు లక్షలే తీసుకున్నా ఐదు కోట్లు అదనం, ఇండ్ల ఖర్చు వేరే. పది ఊర్లకు యాభై కోట్లు. చిన్న మొత్తం కాదు. కానీ ఇది ముందే ఊహించలేని ఖర్చు కాదు. సర్వే చేసిన రోజునే ఆ ఊర్లో పదేండ్లవాళ్లు ఎందరు, పన్నెండేండ్లవాళ్లు ఎందరు అన్నది కాగితం మీద ఉంటుంది. ఏ ఏడాది ఎందరికి పద్దెనిమిది నిండుతాయో కూడికలు వచ్చిన గుమాస్తా చెప్పగలడు. చైనాలో త్రీ గార్జెస్ డ్యామ్ కట్టినప్పుడు 1990ల మొదట తీసిన లెక్కలో కదలాల్సినవాళ్లు దాదాపు 8.5 లక్షల మంది. పని ముగిసేనాటికి జనాభా పెరుగుతుందని తెలిసి ప్రణాళికను 11.3 లక్షల మందికి వేసుకున్నారు. అక్కడి పునరావాసంలో ఎత్తి చూపాల్సినవి చాలానే ఉన్నాయి, దాన్ని ఆదర్శమనడం లేదు. పెరిగే కుటుంబాన్ని ముందే అంచనాలో పెట్టవచ్చనడానికి అది ఉదాహరణ, అంతే. పైగా ఖర్చు పెరిగేది ఆలస్యం వల్ల, కుటుంబం వల్ల కాదు. రెండేండ్లలో తరలిస్తే కొత్త మేజర్లు ఊరికి ఏ పాతిక మందో ఉంటారు. ఇవ్వాళ్టి పద్ధతిలో ఆలస్యం ఎంతైనా ప్రభుత్వానికి పునరావాసం పద్దులో నయాపైసా పెరగదు, అందుకే తొందర ఉండదు. మనుషుల లెక్కను తరలింపు తేదీకి ముడిపెడితే, కాలనీ త్వరగా కట్టడమే చవకని ఆర్థిక శాఖ తనంతట తానే గ్రహిస్తుంది.

పద్దులో కనిపించకున్నా ఆలస్యానికి వెల ఉందనడానికి మధ్య మానేరే సాక్ష్యం. నిర్వాసితుల ఇండ్ల కోసం కుటుంబానికి 5.04 లక్షలు ఇస్తామని 2015లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు వేములవాడలో మాట ఇచ్చారు. కొదురుపాక ఆయన అత్తగారి ఊరు కూడా, కాబట్టి ముంపు అంటే ఏమిటో ఆయన ఇంట్లోవాళ్లకూ తెలుసు. ఆ మాట మీద ఏండ్ల తరబడి ధర్నాలు నడిచాయి. చివరికి 2024 నవంబర్‌లో ఇంకో ప్రభుత్వం ఆ ఊర్లవాళ్లకు 4,696 ఇందిరమ్మ ఇండ్లు మంజూరు చేసింది. పునాది పడ్డ పద్దెనిమిదేండ్లకు. 2006లో పుట్టిన బిడ్డ మేజరయ్యేంత కాలం అది. నిర్వాసితులకు ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకుంటేనే ఖర్చు తక్కువన్న లెక్క ఎట్లా తప్పుతుందో ఇక్కడ చూడవచ్చు. ఇవ్వనిది అప్పుగా నిలుస్తుంది, దాన్ని తర్వాతి ప్రభుత్వం, అప్పటి ధరల్లో కట్టాల్సి వస్తుంది.

పెండ్లయిన ఆడపిల్లల విషయంలో ఇంకో రకం అభ్యంతరం వినిపిస్తుంది, అది ఆఫీసుల్లో కన్నా ఊర్లలోనే ఎక్కువ. ఆమెకు అత్తగారిల్లు ఉంది కదా, రెండు చోట్లా ఎట్లా ఇస్తారు అంటారు. నిజానికి ఈ ప్రశ్నకు మన శాసనసభ ఒకసారి సగం జవాబు, పార్లమెంటు ఇంకోసారి పూర్తి జవాబు చెప్పాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి సవరణ చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో బిడ్డలకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, కానీ ఆ తేదీకి ముందే పెండ్లయినవాళ్లను పక్కన పెట్టింది. అదీ కటాఫే. 2005లో కేంద్రం చేసిన సవరణ పెండ్లితో సంబంధం లేకుండా పుట్టుకతోనే హక్కు అంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. వ్యవసాయ భూమిలో వాటా ఉన్న బిడ్డ, ఆ భూమి మునిగినప్పుడు వచ్చే పునరావాసంలో మాత్రం పెండ్లి పేరుతో మాయం కావడం పొంతన లేని మాట. అయితే ఇక్కడ నేను ఒక మెట్టు దిగుతాను. సర్వేకు ముందే పెండ్లయి వేరే ఊర్లో స్థిరపడిన బిడ్డకు కాలనీలో ఇల్లు ఇవ్వాలనడం లేదు. ఆమె ఆ ఊరి నుంచి నిర్వాసితురాలు కాదు, ఆమెకు రావాల్సింది భూమి పరిహారంలో వాటా. సర్వేలో పేరుండి, ఎదురుచూపు కాలంలో పెండ్లయి వెళ్లిన బిడ్డ సంగతి వేరే. ఊరు అనుకున్న వేళకు కదిలి ఉంటే ఆమె తన పేరు మీద వచ్చిన ప్యాకేజీతో అత్తగారింటికి వెళ్లేది. ఆమె హక్కు ఆలస్యంలో కొట్టుకుపోయింది కాబట్టి ఆమెను కొడుకుతో సమానంగా జాబితాలో ఉంచాలి.

ఏ తేదీ పెట్టినా ఆ మర్నాడు పద్దెనిమిది నిండేవాడు ఒకడు ఉంటాడు కదా, గొడవ ఎన్నటికీ తీరదని ఇంకొందరంటారు. ఔను, ఉంటాడు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కానీ కదిలే రోజుకు పదిహేడేండ్ల పిల్లాడు తల్లిదండ్రులతో కొత్త ఇంట్లోకి వెళ్తాడు, అతను ఆ రోజుకు వాళ్ల మీద ఆధారపడ్డవాడే. సర్వేకు పన్నెండేండ్లవాడై, కదిలే రోజుకు ఇరవై నాలుగేండ్లవాడు, భార్యా ఇద్దరు పిల్లలతో అదే ఒక్క ఇంట్లోకి, అమ్మానాన్నల వెనక మైనరుగా వెళ్తాడు. మొదటివాడికి జరిగేది గీతకు అవతల ఉండటం. రెండోవాడికి జరిగేది ఉన్న మనిషిని లేడనడం. పాత ఊర్లో వాళ్లకు నాలుగు గదుల పెంకుటిల్లు, వెనక దొడ్డి, కొట్టం, కొడుకు వేరు పడితే గుడిసె వేసుకోవడానికి జాగా ఉండేవి. కాలనీలో ప్లాటు కొలిచి ఇస్తారు, పెరిగే కుటుంబానికి అది పక్కకు జరగదు.

ఆదిలాబాద్ విషయంలో మాత్రమే వినిపించే వాదన ఒకటుంది. గోండులు, కొలాములు మొదటి నుంచీ ఊర్లు మార్చుకునేవాళ్లే కదా, వాళ్లకు ఇల్లు మారడం అంత పెద్ద సంగతా అని. ఇది చరిత్రను సగం చదివిన మాట. పోడు నడిచిన రోజుల్లో గూడేలు కదిలిన మాట నిజం. 1940లలో ఇక్కడ తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాతల్లో అది కనిపిస్తుంది. అప్పుడు కదిలే తేదీ పటేలూ ఊరి పెద్దలూ కూర్చుని తేల్చేవాళ్లు. కొత్త చోట ముందు ఊరి కావలి దేవుణ్ని, అకిపేన్‌ను నిలిపి తర్వాత ఇండ్లు లేపేవాళ్లు, ఎన్ని పొయ్యిలుంటే అన్ని ఇండ్లు. రిజర్వు అడవి గీతలు గీసి గూడేలను ఖాళీ చేయించడం మొదలయ్యాకనే, 1940లో బాబేఝరి, జోడేఘాట్‌ల తిరుగుబాటు జరిగింది, గోండు నాయకుడు కొమురం భీం ప్రాణం పోయింది. కదలడం వాళ్లను బాధించలేదు, కదిలే తేదీ, ఎందరు కదలాలన్న లెక్క పరాయి చేతికి పోవడం బాధించింది. కాబట్టి ఈ ఉదాహరణ అభ్యంతరం పెట్టినవాళ్ల వైపు కాకుండా ఇటువైపే నిలుస్తుంది.

మనుషులతో పాటు కదిలేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటి విషయంలో చట్టం ఎంత మెలకువగా ఉందో చూస్తే మనుషుల విషయంలో మరపు ఇంకా విడ్డూరంగా కనిపిస్తుంది. మూడో షెడ్యూలు ప్రకారం కొత్త కాలనీలో రోడ్లు, మురుగు కాలువలు, మంచినీళ్లు, అంగన్‌వాడీ, బడి, పంచాయతీ ఇల్లు, గుడి మసీదులకు జాగా, శ్మశానం కూడా ఉండాలి. పోచమ్మకూ పీరీలకూ చోటు చూపించమన్న చట్టమిది, ఊర్లో చావులుంటాయని తెలిసి బొందలగడ్డకు జాగా రాసిన చట్టమిది. చావులను ముందే లెక్కలో పెట్టుకున్నవాళ్లు పుట్టుకలనూ, పద్దెనిమిదేండ్లనూ పెట్టుకోవడానికి అడ్డమేముంది?

ఇది పాత ప్రాజెక్టుల మీద చర్చ కాదు. కవ్వాల్ కోర్ ప్రాంతంలోంచి కదిలించాలని అటవీ శాఖ అనుకుంటున్న ఊర్లు ఇంకా ఉన్నాయి. రామగుండం నుంచి బెల్లంపల్లి దాకా సింగరేణి ఓపెన్‌కాస్టులు విస్తరించే కొద్దీ పక్క ఊర్లకు నోటీసులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా చోట్ల కుటుంబాల జాబితా ఇంకా రాయలేదు. రాసే ఉత్తర్వులోనే రెండు మాటలు చేర్చాలి. పునరావాస జాబితాను ఇండ్లు కేటాయించే ముందు మళ్లీ సరిచూస్తామని ఒకటి, మొదటి జాబితాలో పేరున్న బిడ్డను పెండ్లి కారణంగా తీసేయబోమని ఇంకొకటి. ఇవి రాయడానికి చట్ట సవరణ అక్కర్లేదు, 2013 చట్టం నిర్వచనం అట్లాగే ఉంచి ‘ఏ నాటికి’ అన్న ఖాళీని నింపే జీవో చాలు. సర్వేకు వచ్చే ఉద్యోగి పుస్తకంలో పిల్లల వయసు గడి ఇప్పటికే ఉంది. ఆ గడిలో పది అని రాసిన ప్రతి చోటా, ఎనిమిదేండ్లలో కాలనీ కట్టకుంటే ఇంకో ఇల్లు కట్టాలని పక్కనే రాసుకుంటే సరిపోతుంది.